రైసుమిల్లులో అకౌంటెంట్‌ని, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ప్రోగ్రామింగ్‌లోకి రావాలంటే ముందు డిగ్రీ పూర్తి చేయాలా?

మిల్లులెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. నాకు 31 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఒకే రైసుమిల్లులో లెక్కలు రాస్తున్నాను. బీకాం ఫైనలియర్‌లో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చింది. రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. మళ్లీ ఆ హాల్‌టికెట్ మొహం చూడలేదు. కాగితాల లెక్కన నేను ఇంటర్ పాసైన మనిషిని, అంతే. జీతం 24 వేలు. నా భార్య ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పాప రెండో తరగతి.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో చెప్తాను. ప్రతి నెలా 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ వస్తుంది, అంటే సప్లయర్లు జీఎస్టీ పోర్టల్లో ఎక్కించిన బిల్లుల జాబితా. మేము కొన్న గోనె సంచులు, రబ్బరు రోల్స్, బేరింగులు, బెల్టులు, అన్నిటి బిల్లులూ దానితో సరిచూసుకోవాలి. సప్లయర్ చేతికిచ్చిన బిల్లు మీద 45 అని ఉంటుంది. పోర్టల్లో మాత్రం 2024-25/045 అని ఎక్కిస్తాడు. ఎక్సెల్‌లో వెతికే ఫార్ములా వీలుకప్ పెడితే దొరకదు. కళ్లతోనే వెతకాలి, రెండు రోజులు పోతాయి. పోయిన ఏడాది యూట్యూబ్ చూసి, పడుతూ లేస్తూ ఒక మాక్రో (ఎక్సెల్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రాం) రాశాను. రెండు రోజుల పని గంటన్నరలో అయిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకా ఏమేం చేయొచ్చో అని తెల్లారేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. తొమ్మిదేళ్లలో పని గురించి అట్లా అనిపించడం అదే మొదటిసారి.

పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి అమీర్‌పేట వెళ్లాను. మైత్రీవనం పక్క సందుల్లో మూడు ఇన్‌స్టిట్యూట్లు తిరిగాను. జావా ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ ముందు భాగం, వెనక భాగం రెండూ చేయడం నేర్పే కోర్సు) ఆరు నెలలట, ఫీజు 40 నుంచి 45 వేలు. హాస్టల్ ఖర్చు వేరు. డిగ్రీ లేకపోయినా పర్వాలేదు సార్ అని ముగ్గురూ అన్నారు, ఎట్లా పర్వాలేదో ఒక్కరూ చెప్పలేదు. బయట టీ కొట్టు దగ్గర ఒకతను మాట కలిపాడు. రెండున్నర లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, పేస్లిప్పులు అన్నీ వాళ్లే చూసుకుంటారట. మా బావమరిది "అందరూ అట్లనే పోయిండ్రు బావా, నువ్వొక్కడివే ఆలోచిస్తున్నవ్" అంటున్నాడు. నాకు మాత్రం గుండెలో గుబులుగా ఉంది. ఆ డబ్బు కావాలంటే నా భార్య గాజులు తాకట్టు పెట్టాలి.

ముందు డిగ్రీ పూర్తి చేయాలా, కోర్సులో చేరాలా? ఉద్యోగం మానేసి హైదరాబాద్ రావాల్సిందేనా? ఈ వయసులో, డిగ్రీ లేకుండా నిజంగా ఎవరైనా వచ్చారా? వచ్చినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఉత్త ధైర్యం చెప్పడం కాదు, ఎట్లా వచ్చారో చెప్పండి.

కొండాపూర్_రిక్రూటర్

నమస్తే అండి. ఎనిమిదేళ్లుగా ఐటీ నియామకాల్లో పనిచేస్తున్నాను. లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను.

పెద్ద సర్వీసు కంపెనీల్లో రెజ్యూమె ముందు మనిషి దగ్గరికి రాదు. దరఖాస్తు ఫారంలోనే డిగ్రీ, పాసైన సంవత్సరం, మార్కుల శాతం అడుగుతారు. ఆ గడి ఖాళీగా ఉంటే మీరెంత బాగా కోడ్ రాస్తారో మాకు తెలిసే అవకాశమే ఉండదు. అది నాకు నచ్చుతుందా అంటే నచ్చదు. కానీ రోజూ జరిగేది అదే. చిన్న ప్రాడక్ట్ కంపెనీలు, స్టార్టప్‌లు వేరు. అక్కడ ముందు ఒక పరీక్ష పెడతారు, లేదా మీరు చేసింది చూపించమంటారు. డిగ్రీ ప్రశ్న చివర్లో వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా.

దూరవిద్య డిగ్రీ చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. యూనివర్సిటీలను చూసే యూజీసీ గుర్తింపు ఉన్న సంస్థలో, దూరవిద్యలో ఆ కోర్సు నడపడానికి అనుమతి ఉంటే, అది రెగ్యులర్ డిగ్రీతో సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ మరోసారి స్పష్టంగా చెప్పింది. చేరే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు రెండూ చూసుకోండి. దూరవిద్యలో బీటెక్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సాంకేతిక విద్య కరస్పాండెన్స్‌లో కుదరదని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇక ఆ రెండున్నర లక్షల సంగతి. వద్దండి. మేము చేసే వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికిచ్చే) నంబరుతో పీఎఫ్ సర్వీసు హిస్టరీ చూస్తారు. ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ జమ అయిందో అందులో ఉంటుంది. ఇన్‌కమ్‌ట్యాక్స్ ఫారం 26ఏఎస్ అడిగితే, జీతంలో పన్ను (టీడీఎస్) కోసి ఎవరు కట్టారో తెలుస్తుంది. చేరిన ఆరు నెలలకు దొరికి, ల్యాప్‌టాప్ అప్పగించి వెళ్లిపోయినవాళ్లను చూశాను. వాళ్లలో బాగా పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. అదే ఎక్కువ బాధ.

సొంతంగా_నేర్చుకున్నా

అన్నా, నాది ఇంటర్ మాత్రమే. 24 ఏళ్లు. వరంగల్‌లో ఇంట్లో కూర్చొని చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేస్తాను. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో మొదలుపెట్టాను, రూపాయి కట్టలేదు. ఇంతవరకు ఒక్క కస్టమర్ కూడా నా సర్టిఫికెట్ అడగలేదు. డిగ్రీ మీద మూడేళ్లు పెట్టే బదులు ఆ మూడేళ్లు పని చేయి అన్నా. కాకపోతే ఒక నెల 50 వేలు వస్తాయి, ఇంకో నెల ఏమీ రాదు. నాకు పెళ్లి కాలేదు కాబట్టి నడుస్తోంది. ఆ ఒక్కటీ నువ్వు లెక్కలోకి తీసుకో.

ల్యాబ్‌కోట్_విప్పాక

మిల్లులెక్కలు గారూ, నాకు 37. మీకంటే పెద్దదాన్ని కాబట్టి తమ్ముడూ అంటాను, ఏమీ అనుకోవద్దు. వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను వచ్చాను. ఎట్లా వచ్చానో అడిగారు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మాది గుంటూరు. తెలుగు మీడియం. ఇంటర్ బైపీసీ తర్వాత డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి, 2009లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. పని ఏమిటంటే రక్తం తీయడం, రక్తకణాలు లెక్కపెట్టే మిషన్ సెల్ కౌంటర్‌లో పెట్టడం, అది చిన్న కాగితం మీద ప్రింట్ చేసిన అంకెలు చూసి కంప్యూటర్‌లో రిపోర్టు టైప్ చేయడం. రోజుకు యాభై, అరవై రిపోర్టులు. వానాకాలం జ్వరాలప్పుడు నూట యాభై దాటేవి.

2015లో డెంగీ రోజులు. రాత్రి తొమ్మిదింటికి ఒక అబ్బాయి రిపోర్టు నేనే టైప్ చేశాను. మిషన్ చూపించింది ప్లేట్‌లెట్లు 21 వేలు. నేను కొట్టింది 2 లక్షల 10 వేలు. ఒక్క సున్నా. సంతకం అయింది, రిపోర్టు వెళ్లిపోయింది. ఆ డాక్టరు గారు మంచివారు కాబట్టి, పిల్లాడి చేతుల మీద ఎర్రమచ్చలు చూసి, ఈ అంకె నిజం కాదని ఫోన్ చేశారు. మళ్లీ పరీక్ష చేసి సరిచేశాం. అబ్బాయి బతికాడు. నన్ను ఎవరూ తిట్టలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు ప్రతి రిపోర్టూ మూడేసి సార్లు చూసేదాన్ని. అప్పుడు ఒకటే అనిపించింది. మిషన్‌కు అంకె తెలుసు, కంప్యూటర్ పక్కనే ఉంది, మధ్యలో నా వేళ్లు ఎందుకు?

మిషన్ వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు ఒకటి ఉండేది. ఆర్‌ఎస్-232 అంటారు. దేనికని సర్వీసు ఇంజనీర్‌ను అడిగితే, కంప్యూటర్‌కు కలుపుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు మిషన్‌కు పాతిక వేలు తీసుకుంటారు అన్నాడు. మా యజమాని పెట్టనన్నారు. మిషన్‌తో వచ్చిన మాన్యువల్ చివర్లో, ఎవరూ తెరవని ఇరవై పేజీలు ఆ పోర్టు గురించే ఉన్నాయి. వాటిని జిరాక్స్ తీయించుకున్నాను. నైట్ డ్యూటీలో డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను. ఒక్క పేజీకి రెండు రాత్రులు పట్టింది.

ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తేలిక అని ఎక్కడో చదివి డౌన్‌లోడ్ చేశాను. ల్యాబ్ కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ. కొత్త పైథాన్ దాని మీద ఎక్కలేదు. ఎక్స్‌పీకి 3.4 వరకే పనిచేస్తుందని తెలుసుకోవడానికి వారం పట్టింది. తర్వాత కేబుల్ కొన్నాను, 9600 బాడ్ రేటు (అంకెలు వచ్చే వేగం) పెట్టాను, ప్రోగ్రాం నడిపాను. ఏమీ రాలేదు. మూడు వారాలు ఏమీ రాలేదు. కేబుల్ మార్చాను, పిన్నులు అటూ ఇటూ కలిపించాను. చివరికి మాన్యువల్‌లో ఒక వాక్యం అర్థమైంది. మిషన్ ముందుగా ఒక అక్షరం పంపి, వినడానికి సిద్ధంగా ఉన్నావా అని అడుగుతుంది. ఉన్నాను అని కంప్యూటర్ తిరిగి ఇంకో అక్షరం పంపాలి. పంపకపోతే మిషన్ నోరు విప్పదు. నేను మూడు వారాలుగా వింటూ కూర్చున్నాను, జవాబు చెప్పలేదు. ఒక్క లైను కలిపాను. రాత్రి పదకొండు దాటింది, పేషెంట్లు లేరు. నా రక్తమే తీసి మిషన్‌లో పెట్టాను. తెరమీద తెల్ల రక్తకణాలు 7.8 అని వచ్చింది. కాగితం మీదా 7.8. ఒక్కదాన్నే కూర్చొని ఏడ్చాను తమ్ముడూ. మీరు నిద్ర పట్టలేదన్నారు చూడండి, ఆ మాట చదవగానే నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది.

అది రిపోర్టు తయారుచేసే స్థాయికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. 2018లో మా సెంటర్ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. పెట్టడానికి వచ్చినాయన నా ప్రోగ్రాం చూసి, ఇది ఎవరు రాశారని అడిగాడు. పది రోజులకు విజయవాడలోని వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూలో డిగ్రీ అడగలేదు. ఒక ప్రశ్న అడిగారు: ఒకే శాంపిల్ నంబరుతో మిషన్ రెండుసార్లు రిజల్టు పంపితే నీ ప్రోగ్రాం ఏం చేయాలి? రక్తం గడ్డకడితే శాంపిల్ మళ్లీ తీసి పెడతాం, కొత్త రిజల్టు తీసుకోవాలి కానీ పాతది చెరిపేయకూడదు, డాక్టరుకు రెండూ కనపడాలి అని చెప్పాను. అక్కడున్న ఇంజనీర్లలో ఎవరూ ఎప్పుడూ ట్యూబు పట్టుకోలేదు. నన్ను తీసుకున్నది అందుకే. జీతం 18 వేలు. ల్యాబ్‌లో వచ్చేదానికంటే రెండు వేలే ఎక్కువ.

ఇక్కడితో ఆపితే డిగ్రీ అక్కర్లేదు అన్నట్టు ఉంటుంది. అట్లా ఆపకూడదు. చేరిన ఏడాదికే మాకు ఒక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. అక్కడ మిషన్లు కలిపే కోడ్ సగం పైగా నేను రాసిందే. కానీ ఆసుపత్రికి వచ్చి పనిచేసేవాళ్లు గ్రాడ్యుయేట్లు అయి ఉండాలని ఒప్పందంలో రాసుకున్నారు. జాబితాలోంచి నా పేరు తీసేశారు. నా కోడ్ వెళ్లింది, నేను ఆఫీసులో కూర్చొని ఫోన్‌లో అక్కడివాళ్లకు ఏం చేయాలో చెప్పాను. ఆ సాయంత్రం బస్సులో గుంటూరు వస్తూ నిర్ణయించుకున్నాను. 2019 జనవరిలో దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో బీసీఏ (కంప్యూటర్ డిగ్రీ) చేరాను. మూడేళ్ల కోర్సు, ఆరేళ్ల దాకా గడువు ఇస్తారు. అసైన్‌మెంట్లు చేతితో రాసి ఇవ్వాలి, జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు. మధ్యలో కోవిడ్ వచ్చింది. నాలుగేళ్లకు పూర్తయింది.

డిగ్రీలో చదివేది పనికి రాదని అంటుంటారు. నా విషయంలో అది నిజం కాలేదు. ఒక పేషెంట్ పాత రిపోర్టులన్నీ తీసే పేజీ మా సాఫ్ట్‌వేర్‌లో నలభై సెకన్లు తిరిగేది. కంప్యూటర్ పాతదని అందరం అనుకున్నాం. డేటాబేస్ పేపర్ చదువుతుంటే ఇండెక్స్ అనే పాఠం వచ్చింది, పుస్తకం చివరి విషయసూచికలాగా డేటాను త్వరగా వెతికిపెట్టేది. మరుసటి రోజు ఆఫీసులో ఆ టేబుల్‌కు ఇండెక్స్ పెట్టాను. సెకను లోపే వచ్చింది. అవసరం ముందు ఎదురై, పాఠం తర్వాత వస్తే, ఆ పాఠం ఇక మరచిపోం. నాకు డిగ్రీ ఆలస్యంగా రావడం వల్ల కలిగిన మేలు అదే.

ఇప్పుడు మీ సంగతి. ఉద్యోగం మానేయకండి. మిల్లును ఇరుకుగా చూస్తున్నారేమో, మీ దగ్గర ఉన్న సరుకంతా అక్కడే ఉంది. ముందు మీ యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లి ఆ రెండు సబ్జెక్టుల సంగతి అడగండి. గడువు దాటినవాళ్లకు కొన్ని యూనివర్సిటీలు అప్పుడప్పుడు వన్‌టైమ్ ఛాన్స్ ఇస్తాయి. రెండు పేపర్లతో డిగ్రీ చేతికొచ్చేటట్టుంటే అంతకంటే దగ్గరి దారి లేదు. బీకాం అయినా సరే, ఆ గడి నిండుతుంది. కుదరదంటే అప్పుడు ఇగ్నో, లేదా ఐఐటీ మద్రాసు వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ, డేటా సైన్స్‌ది. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ ఉంటే చాలు. వయసు పరిమితి లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మధ్యలో ఆపాల్సి వచ్చినా, అప్పటికి చేసినదాన్ని బట్టి ఫౌండేషన్ సర్టిఫికెట్టో డిప్లొమానో ఇస్తారు. ఇంట్లో బాధ్యతలు ఉన్నవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. అయితే పాఠాలు గట్టిగా ఉంటాయి, వారం వారం అసైన్‌మెంట్లు తప్పవు.

నేర్చుకోవడం మాత్రం ఈ నెలే మొదలుపెట్టండి, జావా ఫుల్‌స్టాక్ జోలికి ఇప్పుడే పోకుండా. 2బీ ఎక్సెల్‌లోనే కాదు, ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే జేసన్ ఫైలుగా కూడా దిగుతుంది. దాన్ని పైథాన్‌తో చదవండి. బిల్లు నంబరులో ఏడాదిని, గీతల్ని, ముందున్న సున్నాల్ని తీసేయండి. 2024-25/045 అయినా, 45 అయినా 45 అవుతుంది. ఆ నంబరుతో పాటు సప్లయర్ 15 అక్షరాల జీఎస్టీ నంబరు, పన్ను వేయదగిన మొత్తం, మూడూ కలిపి సరిచూడండి. మీ మాక్రో చేసేదాని కంటే ఎక్కువ దొరుకుతాయి. మీ మిల్లులో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీయే కదా? ట్యాలీ ప్రైమ్ సెట్టింగుల్లో కనెక్టివిటీ ఆన్ చేస్తే, అది 9000 పోర్టు మీద (ఇది వైరు పెట్టే పోర్టు కాదు, ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి నంబరు) ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో అడిగినవాటికి జవాబు చెప్తుంది. లెడ్జర్లు, వోచర్లు మీ ప్రోగ్రాంలోకి నేరుగా తెచ్చుకోవచ్చు. మిషన్‌కు జవాబు చెప్పడం నేర్చుకుంటే నా దారి తెరుచుకుంది. మీకు ఆ మిషన్ ట్యాలీ. ట్యాలీకి మార్పులు చేసిచ్చే చిన్న కంపెనీలు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలు ఉన్నాయి. డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో తెలిసి కోడ్ రాసే మనిషి వాళ్లకు సులువుగా దొరకడు. మీరు మొదట తట్టాల్సిన తలుపులు అవి.

ఆ గాజులు తాకట్టు పెట్టకండి తమ్ముడూ. దొంగ లెటర్‌తో చేరిన ఒకబ్బాయి నా పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. పని వచ్చు, తెలివైనవాడు. ఒక బుధవారం హెచ్‌ఆర్ పిలిచారు, తిరిగి సీటుకు రాలేదు. అతని టిఫిన్ బాక్సు రెండు రోజులు అక్కడే ఉంది.

మిల్లులెక్కలు

అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. గాజుల మాట దగ్గర ఆమె ఏమీ అనలేదు గానీ లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. రిక్రూటర్ గారికి, తమ్ముడికి కూడా కృతజ్ఞతలు.

రెండు సందేహాలు. నాకు టైము ఎక్కడిది? వడ్లు వచ్చే రోజుల్లో, కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వం వడ్లు ఆడించి బియ్యం తిరిగివ్వడం) లెక్కలప్పుడు, రాత్రి పదింటి దాకా మిల్లులోనే ఉంటాను. క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం ఇవ్వాలి, బాయిల్డ్ అయితే 68. ఒక్క లారీ తేడా వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. రెండోది, బయటి దేశాలు వెళ్లాలని లేదు కానీ, రేపు పాప కోసమైనా వెళ్లాల్సి వస్తే డిగ్రీ లేకపోతే దారి మూసుకుపోతుందా?

మ్యూనిక్_తెలుగు

రెండోదానికి నేను చెప్తాను. జర్మనీలో 2023 నవంబరు నుంచి, ఐటీ వాళ్లకు డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డ్ (ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి) ఇస్తున్నారు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు ఐటీలో డిగ్రీ స్థాయి పని చేసి ఉండాలి, ఇక్కడ ఉద్యోగం ఆఫర్ ఉండాలి, జీతం వాళ్లు ఏటా నిర్ణయించే కనీస మొత్తానికి తగ్గకూడదు. అమెరికా హెచ్-1బీ ఉద్యోగ వీసాకు డిగ్రీగానీ దానికి సమానమైనదిగానీ కావాలి. కాలేజీలో ఒక ఏడాది లోటుకు మూడేళ్ల అనుభవం లెక్కగడతారు. అసలు డిగ్రీయే లేకపోతే నాలుగేళ్లకు పన్నెండేళ్లు. మన మూడేళ్ల బీకాం, బీసీఏ ఒక్కటే ఉన్నవాళ్లకు కూడా అక్కడ ఆ నాలుగో ఏడాది దగ్గర చిక్కు వస్తుంటుంది. ఎక్కడికైనా అనుభవం కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి, అవి నిజమైనవై ఉండాలి. ఇక్కడ పాత కంపెనీ ఏం పని చేయించిందో వివరంగా రాసిన ఉత్తరం అడుగుతారు.

ల్యాబ్‌కోట్_విప్పాక

టైము గురించి. నేను తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు దాకా చదివేదాన్ని. రాత్రి చదువుదామనుకున్న రోజుల్లో ఎప్పుడూ కుదరలేదు. మీకు సీజన్ ఉంది, దానితో పోట్లాడకండి. వడ్ల రోజుల్లో రోజుకు పావుగంట, పాత కోడ్ తెరిచి చదివినా చాలు. మిల్లు నెమ్మదించిన నెలల్లో గంటన్నర. ఏడాదిన్నర పెట్టుకోండి, ఆరు నెలలని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇంకో మాట. మీ మిల్లులో లారీలు తూచే కాటా ఉంటుంది కదా? ఆ అంకెను ఇప్పుడు ఎవరు, ఎట్లా రాస్తున్నారు?

మిల్లులెక్కలు

కాటా దగ్గర ఒక అబ్బాయి ఉంటాడు. ఇండికేటర్ చూసి చీటీ మీద రాసి నాకు పంపిస్తాడు, నేను ట్యాలీలో ఎక్కిస్తాను. అక్కా, మీరు అడగగానే నాకు పోయిన ఏడాది ఒక చీటీ గుర్తొచ్చింది. 1లా ఉన్న 7ను నేను 1గానే ఎక్కించాను. ఒక రైతు నాలుగు రోజులు మా చుట్టూ తిరిగాడు. తప్పు ఎక్కడ జరిగిందో నాకే ఆలస్యంగా తెలిసింది. ఆయన ముందు తలెత్తలేకపోయాను.

ఈ పది రోజుల్లో చేసింది చెప్తాను. పైథాన్ పెట్టుకున్నాను. పోయిన నెల 2బీ జేసన్ దించాను. 212 బిల్లుల్లో 187 వాటంతట అవే కలిశాయి. మాక్రోతో 140 దాటేవి కావు. మిగిలిన 25లో తొమ్మిది బిల్లులు సప్లయర్ అసలు ఎక్కించనేలేదు, ఫోన్లు చేశాను. యూనివర్సిటీకి కూడా వెళ్లాను. దరఖాస్తు తీసుకున్నారు, వన్‌టైమ్ ఛాన్స్ నోటిఫికేషన్ వస్తే ఫీజు కట్టమన్నారు. పాత హాల్‌టికెట్ నంబరు అమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది.

నిన్న కాటా ఇండికేటర్ వెనకాల టార్చ్ వేసి చూశాను. తొమ్మిది పిన్నుల పోర్టు ఉంది, దుమ్ము పట్టి ఉంది. ఆదివారం మిల్లు ఉండదు, సేటును అడిగితే చూసుకో అన్నారు. ముందు ఏం చేయాలక్కా? దానికి కూడా జవాబు చెప్పాలా?

ల్యాబ్‌కోట్_విప్పాక

అక్కర్లేదు తమ్ముడూ. కాటాలు చాలావరకు అడగకపోయినా బరువు పంపుతూనే ఉంటాయి, మీరు వింటే చాలు. మీ ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు ఉండదు, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ తీసుకోండి. ఇండికేటర్ మాన్యువల్‌లో బాడ్ రేటు చూడండి. దొరక్కపోతే 9600, 2400, ఒక్కొక్కటీ పెట్టి చూడండి. తెరమీద పిచ్చి అక్షరాలు వస్తుంటే కేబుల్ బాగానే ఉంది, చాలావరకు వేగమే తప్పు అని అర్థం. కాటా మీద ఎవరినైనా నిలబెట్టి, దిగమని, అంకె మారుతుందో లేదో చూడండి. కదిలే బరువును ఎప్పుడూ తీసుకోవద్దు, మూడు నాలుగు సార్లు ఒకే అంకె వచ్చాకే రాసుకోవాలి. లారీ ఎక్కేటప్పుడు అంకె ఊగుతుంది, అది నాకంటే మీకే బాగా తెలుసు.

ఆదివారం సాయంత్రం ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. నేను చూస్తుంటాను.